హంపి మాతంగ కొండ చుట్టు నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలవగానే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు నాకు ఫోను చేసి అడిగే ప్రశ్నలివి. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గింది కనుక ఒకచోట రాసిపెడుతున్నాను. నేను గైడును కాను. ఏటా ఒకసారైనా ఈ కొండ ఎక్కనిదే తోచని మనిషిని, అంతే.

ఏ కొండ ఇది? ఎక్కడుంది?

కర్ణాటకలోని విజయనగర జిల్లా, హంపిలో ఉంది. విరూపాక్ష ఆలయానికి వీపు పెట్టి బజారు వీధి వెంట తూర్పుకు చూడండి. ఎవరో బండరాళ్లు మోసుకొచ్చి కుప్ప పోసి మరిచిపోయినట్టు ఒక కొండ కనిపిస్తుంది. అదే మాతంగ పర్వతం. హంపి శిథిలాల నడుమ ఉన్న కొండల్లో ఇదే ఎత్తైనది. శిఖరం మీద వీరభద్రుడి గుడి ఉంది. చుట్టూ ఉన్న నేల నుంచి లెక్కవేస్తే ఎత్తు వంద మీటర్ల పైచిలుకు మాత్రమే. అంత మాత్రానికేనా అని పెదవి విరిచినవాళ్లు పైకి వెళ్లాక అరగంట నోరెత్తకపోవడం చూశాను.

చుట్టు నడక అంటే కొండ చుట్టూ ప్రదక్షిణా?

కాదు. ఒక వైపు నుంచి ఎక్కి, మరో వైపు దిగి, నది ఒడ్డు వెంట బయలుదేరిన చోటికే చేరడం. విరూపాక్ష ఆలయం దగ్గర మొదలుపెట్టి, హంపి-కమలాపురం రోడ్డు నుంచి చీలే మట్టి దారిలో కొండ పాదానికి చేరుకోవాలి. అక్కడి నుంచి రాతి మెట్లు, నడుమ నడుమ ఏటవాలు చప్టాల మీదుగా శిఖరానికి వెళ్లాలి. దిగేటప్పుడు తూర్పున ఉన్న అచ్యుతరాయ ఆలయం వైపు దిగాలి. ఆ ఆలయం ముందున్న పాత బజారు వీధి మీదుగా తుంగభద్ర వైపు నడిచి, ఎడమకు తిరిగి, ఒడ్డు వెంట కోదండరామ ఆలయం దాటితే మళ్లీ హంపి బజారు. మొత్తం సుమారు నాలుగు కిలోమీటర్లు.

ఆగకుండా నడిస్తే రెండు గంటల్లో పూర్తవుతుంది. ఆగకుండా నడిచేవాళ్లను మాత్రం నేనింతవరకు చూడలేదు. సగం రోజు కేటాయించండి.

ఎక్కిన దారినే దిగితే ఏం? అది సులువు కదా?

సులువే. కాని హంపికి వెళ్లిన మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు కూడా అదే. ఆటో మాట్లాడుకుంటారు. ఒక గుడి దగ్గర దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, మళ్లీ ఆటో ఎక్కుతారు. సాయంత్రానికి పదిహేను చోట్లు చూసి ఉంటారు కాని ఏది ఎక్కడుందో, దేనికి ఏది దగ్గరో అడిగితే చెప్పలేరు. హంపి విడివిడి గుళ్ల జాబితా కాదు, ఒక నగరం. వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, గుడి ఎటు చూస్తోంది, నది ఎంత దగ్గర అన్నది కాళ్లతోనే తెలుస్తుంది.

ఈ నడకలో ముందు పై నుంచి మొత్తం చూస్తారు. తర్వాత, చూసినదాని లోపలికే దిగుతారు. పైన నిలబడి అరచేతిలో పెట్టుకోగలమనిపించిన ఆలయం ప్రాకారంలోకి ముప్పావు గంట తర్వాత అడుగుపెట్టి, తల పైకెత్తి, తాము నిలబడిన బండ ఏదో వెతుక్కుంటారు. వచ్చిన దారినే దిగిపోయినవాళ్లకు ఇది దక్కదు.

ఏ వైపు నుంచి ఎక్కాలి? తిరగేసి చేయకూడదా?

చేయవచ్చు, కాని వద్దంటాను. రోడ్డు వైపు దారిలో మెట్లున్నాయి. కొన్నిచోట్ల అరిగాయి, కొన్నిచోట్ల మోకాలెత్తు ఉన్నాయి, అయినా మెట్లు మెట్లే. టార్చి వెలుగులో కూడా తప్పిపోకుండా ఎక్కవచ్చు. తూర్పు వైపు దారి అలా కాదు. బండల మధ్య సందులు, ముళ్లపొదలు, అక్కడక్కడా చేతులు ఆనించి దిగవలసిన చోట్లు ఉంటాయి. దాన్ని పట్టపగలు మాత్రమే నడవాలి. అందుకే చీకటి ఉండగా మెట్ల దారిన ఎక్కి సూర్యోదయం చూసి, ఎండ వచ్చాక అటు దిగడం మంచిది. జనవరిలో ఇక్కడ సూర్యుడు ఏడు గంటలకు కాస్త ముందు కనిపిస్తాడు. ఐదున్నరకు బస నుంచి బయలుదేరితే తొందర ఉండదు.

బజారు తూర్పు చివరున్న నంది విగ్రహం పక్క నుంచి నేరుగా శిఖరానికి ఎక్కే దారి కూడా ఒకటుందని కుర్రాళ్లు చెబుతారు. ఉంది. కొండలు ఎక్కడం అలవాటున్నవాళ్లకు వదిలేయండి.

సూర్యాస్తమయం అందంగా ఉంటుందట కదా?

ఉంటుంది. మొదటిసారి నేనూ దానికోసమే వెళ్లాను. ఎర్రటి గోళం విరూపాక్ష గోపురం వెనక్కి జారేదాకా కదలబుద్ధి కాలేదు. తర్వాత, చూద్దాంలే అని తూర్పు వైపు దిగాను. పది నిమిషాల్లో చీకటి పడింది. ఫోను వెలుగులో ప్రతి సందూ దారిలాగే కనిపించింది. మూడుసార్లు బండ అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చాక, తిరిగి శిఖరం ఎక్కి మెట్ల దారిన దిగాను. కింద టీ కొట్టు ఆయన నా మోకాళ్లు చూసి ఏమీ అడగకుండా రెండో కప్పు పోశాడు.

సూర్యాస్తమయానికి హేమకూటం గుట్ట చాలు. విరూపాక్ష ఆలయం పక్కనే ఉంటుంది, చీకటి పడినా భయం లేదు.

పై నుంచి ఏమేం కనిపిస్తాయి?

వీరభద్రుడి గుడి పక్కన మెట్టు మెట్టుగా ఉన్న బండల మీద ఎక్కడైనా కూర్చోండి. పడమట విరూపాక్ష ఆలయ గోపురం కనిపిస్తుంది. దగ్గర నిలబడితే మెడ నొప్పెట్టే తొమ్మిది అంతస్తుల గోపురం ఇక్కడి నుంచి బొమ్మకొలువులో పెట్టినట్టుంటుంది. దాని ముందు గీత గీసినట్టు బజారు వీధి. ఉత్తరాన తుంగభద్ర, నదిలో బండలు, నీళ్లు నిదానంగా ఉన్న రోజుల్లో గుండ్రటి పుట్టిలు. నది అవతల కొండ మీద తెల్లటి చుక్క హనుమంతుడి గుడి, అంజనాద్రి. తూర్పున కాళ్ల కిందే, మాతంగ, గంధమాదన కొండల నడుమ అచ్యుతరాయ ఆలయం పటం పరిచినట్టు మొత్తంగా కనిపిస్తుంది. ఒకదానిలో ఒకటి రెండు ప్రాకారాలు, గోపురాలు, ఎదురుగా నది వైపు సాగిన పొడుగాటి వీధి. దక్షిణాన కమలాపురం దాకా అరటితోటలు, చెరకు, వాటి మధ్య రాజప్రాసాదాల పునాదులు. ఇంత రాతి మధ్య అంత పచ్చదనం ఎలా వచ్చిందని అడుగుతారు. విజయనగర రాజుల కాలంలో తవ్విన కాలువల్లో కొన్ని ఇప్పటికీ పారుతున్నాయి.

కృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఈ నగరానికి వచ్చాడు. నగరం ఎంత పెద్దదో చెప్పలేనని, ఏ ఒక్క చోటి నుంచీ అంతా కనిపించదని, ఒక కొండ ఎక్కితే కనిపించినంత మేరకే రోమ్ నగరమంత ఉందని రాశాడు. అది ఈ కొండేనని గైడ్లు ఢంకా బజాయించి చెబుతారు. ఆయన కొండ పేరు రాయలేదు, కాబట్టి నేను చెప్పను. కాని ఒక సంగతి ఆలోచించండి. పేస్ ఈ కొండే ఎక్కి ఉన్నా, మీరిప్పుడు కళ్లప్పగించి చూస్తున్న అచ్యుతరాయ ఆలయం ఆయనకు కనిపించి ఉండదు. అది కట్టింది 1534లో. కట్టిన 31 ఏళ్లకే, 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత, నగరమే పాడుబడింది. ఒక మనిషి చిన్నతనంలో పునాది రాయి చూసి, నడివయసులో శిథిలం చూసి ఉండవచ్చు.

ఈ రాళ్లు భూకంపం వల్ల పడ్డాయా?

ఈ ప్రశ్న ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. ఇవి ఎక్కడి నుంచో దొర్లి రాలేదు, ఉన్నచోటనే ఇలా తయారయ్యాయి. ఇదంతా గ్రానైట్, వయసు 250 కోట్ల సంవత్సరాల పైమాట. భూమి లోపల ఉండగానే ఈ రాతిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి దిగిన నీరు అంచులను, మూలలను మెత్తబరిచి మట్టిగా మార్చింది. మూలలు ముందు అరుగుతాయి కనుక చతురస్రంగా ఉన్న ముక్క క్రమంగా గుండ్రమవుతుంది. యుగాల తరబడి వానలకు పైనున్న మట్టి కొట్టుకుపోగా, లోపలి గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలిచినవి నిలిచినట్టే బయటపడ్డాయి. హైదరాబాదులో బంజారాహిల్స్ వైపు మిగిలిన కొద్దిపాటి గుండ్లదీ ఇదే కథ. మనం వాటిని పేల్చి మేడలు కట్టుకున్నాం, ఇక్కడ ఇంకా ఉన్నాయి.

దారిలో కొన్ని బండలకు వరుసగా, సమదూరంలో చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి శిల్పులు రాయి చీల్చడానికి మేకులు దిగ్గొట్టేందుకు తొలిచినవి. గుడి స్తంభానికి కావలసిన రాయి చాలాసార్లు గుడి పక్కనే దొరికేది.

మాతంగుడు ఎవరు? రామాయణానికి సంబంధం ఏమిటి?

శబరి సేవచేసిన ముని. వాలి దుందుభి అనే రాక్షసుణ్ణి చంపి కళేబరాన్ని విసిరేస్తే, ఆ నెత్తురు ముని ఆశ్రమంలో పడింది. ఈ చుట్టుపక్కల అడుగుపెడితే చస్తావని ముని శపించాడు. వాలి రాలేని చోటు కాబట్టే సుగ్రీవుడు, హనుమంతుడు ఇక్కడ తలదాచుకున్నారు. హంపి ప్రాంతమే కిష్కింధ అన్నది స్థానికుల నమ్మకం. తిరుగు దారిలో నది ఒడ్డున వచ్చే కోదండరామ ఆలయంలో సీతారామలక్ష్మణుల పక్కన సుగ్రీవుడు ఉంటాడు. సుగ్రీవుడికి పట్టాభిషేకం జరిగిన చోటు ఇదేనంటారు. కొండ మీద ఈ కథ చెప్పుకుని, దిగి ఆ విగ్రహం చూడటం బాగుంటుంది. ముఖ్యంగా పిల్లలతో వెళ్తే.

దిగాక అచ్యుతరాయ ఆలయంలో ఏమి చూడాలి?

అది తిరువేంగళనాథుడి గుడి, అంటే మన వేంకటేశ్వరుడే. అచ్యుతదేవరాయల కాలంలో కట్టినందువల్ల ఆయన పేరు అతుక్కుంది. గర్భగుడిలో దేవుడు లేడు, పూజ లేదు. బస్సులు ఇక్కడికి రావు కాబట్టి జనం కూడా తక్కువే. ఉదయం ఎనిమిదింటికి ఆ ప్రాకారంలో మీరు, చిలకలు మాత్రమే ఉండే రోజులుంటాయి. స్తంభాల మీద బొమ్మలు తీరిగ్గా చూడండి, నేను జాబితా ఇవ్వను.

గుడి ఉత్తరం వైపు చూస్తుంది. ఎదురుగా సాగిన వీధిని ఇక్కడివాళ్లు సూళె బజారు అంటారు. రెండు వైపులా రాతి స్తంభాల వరుసలు, పక్కన ఒక పుష్కరిణి, నడుమ గడ్డి మేసే మేకలు.

మా అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. ఎక్కగలరా?

శిఖరం వద్దు. అలాగని వాళ్లను బసలో కూర్చోబెట్టనక్కరలేదు. బజారు తూర్పు చివర ఏకశిలా నంది ఉంది, ఎదురు బసవణ్ణ అంటారు. దాని పక్క నుంచి మెట్లు ఒక చిన్న మిట్ట మీదుగా అచ్యుతరాయ ఆలయానికి దిగుతాయి. ఆ మెట్లు కూడా కష్టమనుకుంటే నది ఒడ్డు దారి దాదాపు చదునుగా ఉంటుంది. మీరు కొండ మీదుగా, వాళ్లు కింది నుంచి బయలుదేరి ఆలయంలో కలుసుకోండి. మా పెద్దమ్మ అరవై ఎనిమిదో ఏట అలాగే వచ్చింది. మేము చెమటలు కక్కుతూ దిగేసరికి మండపం మీద కూర్చుని, "ఏమర్రా, ఇంతసేపా?" అంది.

పిల్లలు?

ఎనిమిదేళ్లు దాటినవాళ్లు పెద్దవాళ్లకన్నా బాగా ఎక్కుతారు. చిక్కు ఎక్కడంలో లేదు, పైకెళ్లాక వాళ్లు పరుగెత్తడంలో ఉంది. శిఖరం మీద కంచె, పిట్టగోడ ఏమీ లేవు. గుడి కప్పు మీదికి ఎక్కే అలవాటు జనానికి ఉంది, పిల్లలను అక్కడికి పంపకండి. చంకనెత్తుకోవలసిన పసివాళ్లతో తూర్పు వైపు దిగకండి, రెండు చేతులూ అవసరమవుతాయి.

ఏమి వేసుకోవాలి, ఏమి తీసుకెళ్లాలి?

అడుగు పట్టు ఉన్న బూట్లు. తోలు చెప్పులు నున్నటి బండ మీద జారతాయి. చీర కట్టుకుని ఎక్కినవాళ్లున్నారు, కాని దిగేటప్పుడు ముళ్లకు పట్టుకుంటుంది. మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి, ఎండాకాలమైతే రెండు. కొండ మీద అంగడి లేదు. మరుగుదొడ్డి కూడా లేదు. టార్చి, టోపీ, వీపుకు తగిలించుకునే సంచి ఉంటే చాలు. చేతి సంచి మాత్రం వద్దు.

జంతువుల భయం ఉందా?

కోతులున్నాయి, కొండముచ్చులున్నాయి. కొండముచ్చు చూడటానికే పెద్దది, సాధారణంగా జోలికి రాదు. కోతి అలా కాదు. మీ చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే అది తనదేననుకుంటుంది. తిండి బయటికి తీయకండి, లాక్కుంటే తిరిగి లాగకండి. హంపి పరిసరాల గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. దగ్గర్లోని దరోజిలో ఎలుగుబంట్ల అభయారణ్యమే ఉంది. చీకట్లో గుంపుగా, మాట్లాడుకుంటూ నడవమనడానికి అదొక కారణం. బండ సందుల్లో చేయి పెట్టేముందు చూసుకోండి, పాములు, తేళ్లు ఉంటాయి.

భయం సంగతి పక్కన పెడితే, బండల మీద ఎరుపు నలుపు రంగుల తొండలు ఎండ కాచుకుంటుంటాయి. ఓపికుంటే పసుపు గొంతు పికిలిపిట్ట కోసం చెవులు రిక్కించండి. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఆ పిట్ట ఉండదు.

ఒంటరిగా వెళ్లవచ్చా?

పగలు, జనం ఉన్నప్పుడు వెళ్లవచ్చు. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి వేళ వద్దు. ఈ కొండ దారిలో ఒంటరిగా వెళ్లినవాళ్లను దోచుకున్న సంఘటనలు గతంలో జరిగాయి. మగవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. బస చేసిన చోట అడిగితే మరో ఇద్దరు ముగ్గురు సూర్యోదయానికి వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లతో కలవండి. ఎక్కడికి వెళ్తున్నదీ ఒకరికి చెప్పి వెళ్లండి.

టికెట్టు ఉందా?

కొండకు లేదు, అచ్యుతరాయ ఆలయానికి లేదు. టికెట్టు విఠ్ఠల ఆలయం దగ్గర అడుగుతారు. డ్రోన్ ఎగరేయాలంటే అనుమతి కావాలి.

ఏ నెలలు మంచివి?

నవంబరు నుంచి ఫిబ్రవరి. మార్చి నుంచి మే దాకా ఈ రాళ్లు పొయ్యి మీది పెనంలా కాలుతాయి, తొమ్మిది దాటాక ఎక్కడం మూర్ఖత్వం. వానాకాలంలో కొండలు పచ్చగా, మబ్బులు కిందికి దిగి, చూడటానికి అన్నిటికన్నా అదే అందం. కాని తడిసిన బండ జారుతుంది. ఎగువన హొసపేట దగ్గరున్న తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తితే నది ఒడ్డు దారి కూడా నమ్మకం ఉండదు. అలాంటప్పుడు ఒడ్డున ఉన్న పురందరదాస మండపం నీళ్లలో మునిగిందా అని ఎవరినైనా అడగండి. మునిగిందంటే ఒడ్డు ఆలోచన మానేసి, ఆలయం నుంచి మిట్ట మీదుగా నంది దగ్గరికి వచ్చేయండి. అదీ చుట్టు నడకే, కాస్త పొట్టిది.

ఎలా చేరుకోవాలి? ఎక్కడ ఉండాలి?

రైలైతే హొసపేటలో దిగాలి. అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు, బస్సులు, ఆటోలు పుష్కలం. ఆంధ్ర వైపు నుంచి గుంతకల్లు, బళ్లారి మీదుగా రైళ్లున్నాయి. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులున్నాయి. కారులో రాయచూరు, గంగావతి మీదుగా వచ్చేవాళ్లు ఒక సంగతి గమనించాలి. అటు నుంచి వస్తే ముందు తగిలేది నదికి ఉత్తరాన ఉన్న ఆనెగొంది, సణాపురం. బొమ్మలు చూసి అక్కడ గది తీసుకుంటారు. మాతంగ కొండ నదికి దక్షిణాన ఉంది. తెల్లవారకముందు పడవ నడవదు, రోడ్డున వంతెన మీదుగా చుట్టి రావాలి. సూర్యోదయం చూడాలనుకుంటే ముందు రాత్రి హంపిలోనో కమలాపురంలోనో ఉండండి. కమలాపురంలో ఉంటే సాయంత్రం అక్కడి పురావస్తు మ్యూజియానికి వెళ్లండి. ఆవరణలో హంపి లోయ మొత్తానికి పెద్ద నమూనా ఉంది. మర్నాడు నడవబోయే దారిని దాని మీద వేలితో గీసుకోవచ్చు.

భాష ఇబ్బంది అవుతుందా?

కాదు. బళ్లారి, హొసపేటల్లో తెలుగు తెలిసినవాళ్లు చాలామంది. రెండు కన్నడ మాటలు నేర్చుకుని వెళ్తే మర్యాదగా ఉంటుంది.

అంజనాద్రి, మాతంగ... ఒక్కటే ఎక్కే సమయం ఉంటే?

మొక్కు ఉంటే అంజనాద్రి. 575 మెట్లు, కట్టుదిట్టమైన దారి, హనుమంతుడి దర్శనం. మొక్కు లేకపోతే మాతంగ. అంజనాద్రి నుంచి నది, పొలాలు బాగా కనిపిస్తాయి కాని నగరం దూరంగా ఉంటుంది. మాతంగ మీద మీరు నగరం నడుమ నిలబడతారు.

రాళ్ల మీద పేర్లు రాసి ఉన్నాయి. ఎవరూ పట్టించుకోరా?

పట్టించుకుంటారు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2019లో హంపిలో స్తంభాన్ని తోసి పడేసిన కుర్రాళ్ల చేతనే కోర్టు దాన్ని తిరిగి నిలబెట్టించింది. చీపురు పట్టిన సిబ్బంది ప్రతి బండ దగ్గరా ఉండరు. మీ వెంట వచ్చినవాళ్లలో సుద్దముక్క తీసేవాడెవడో మీకే తెలుసు, వాడి జేబు చూసుకోండి. చిన్న రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చే సరదా కూడా వద్దు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని దారి గుర్తు అనుకుంటారు.

నడక అయ్యాక ఆకలేస్తే?

బజారు వైపు వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. మండక్కి ఒగ్గరణె, మిరపకాయ బజ్జీ అడగండి. ప్లేటు ముందుకు రాగానే రాయలసీమవాళ్లు నవ్వుతారు, ఎందుకంటే అది వాళ్ల ఉగ్గాని బజ్జీయే. నేను రెండు ప్లేట్లు తింటాను.